ట్రక్కు కొనే ముందు డ్రైవర్ తలుపు తెరిచి చూడు అల్లుడా

పెద్ద ట్రావెల్ ట్రైలర్ కోసం పికప్ ట్రక్కు చూసేవాళ్లు మొదట అడిగేది "ఎంత గుంజుతది?" అని. నేనైతే ముందు "తన మీద ఎంత మోస్తది?" అని అడగమంటాను. గుంజే లెక్క ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మోసే లెక్క డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన కనిపించే చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. పెళ్లాం పిల్లలతో, సామానుతో బయల్దేరేవాళ్లకు ముందు చాలకుండా పోయేది ఈ రెండోదే.

నాది హనుమకొండ. ములుగు రోడ్డు మీద మా షెడ్డులో ట్రాక్టర్ ట్రాలీలు తయారు చేస్తాం, పాతవాటికి యాక్సిళ్లు, హుక్కులు, కమాన్ పట్టీలు మారుస్తాం. మా అక్క కొడుకు అమెరికాలో డాలస్ పక్కన ఉంటాడు. ఈమధ్య వాడికి ట్రావెల్ ట్రైలర్ మీద మనసు పడింది. మనవాళ్లలో చూడనివాళ్ల కోసం చెప్తున్నా: అది చక్రాల మీద ఉండే ఇల్లు. మంచాలు, వంటగది, ఫ్రిజ్, బాత్రూం అన్నీ లోపలే. ఇంజిన్ మాత్రం ఉండదు, వెనక హుక్కుకు తగిలించి లాక్కుపోవాలి. వాడు ఖాయం చేసుకున్నది 33 అడుగులది. అంటే మా షెడ్డు ముందు పెడితే గేటు పూర్తిగా మూసుకుపోతుంది.

వాడికి ఈ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు మేడారం జాతరకు మా ట్రాలీలోనే వచ్చేవాడు. వెదురు బద్దలు వంచి పైన టార్పాలిన్ కట్టి, కింద గడ్డి పరిచి, బియ్యం, గిన్నెలు, కట్టెలు, కోళ్లు అన్నీ సర్దుకుని తాడ్వాయి అడవిలో నుంచి పోయేవాళ్లం. జంపన్నవాగు దగ్గర దిగి, ట్రాలీ కిందే వండుకుని, ట్రాలీలోనే పడుకునేవాళ్లం. ఇప్పుడు వాడు తన పిల్లలకు కొలరాడో కొండలు అలా చూపించాలనుకుంటున్నాడు. మంచి కోరికే. అందుకే ట్రక్కు విషయం నన్ను అడిగినప్పుడు ఆషామాషీగా తీసుకోలేదు. కంపెనీల కాగితాలు, ఓనర్ మాన్యువళ్లు తెప్పించుకుని చదివాను.

"మామా, షోరూమాయన చూపించిన బండి 11,000 పౌండ్లు గుంజుతదంట. మా ట్రైలర్ నిండా నింపినా 9,000. ఇంకా 2,000 మిగులుతది కదా?" అన్నాడు.

వాడు చూసింది అక్కడ హాఫ్ టన్ అనే తరగతి బండి. ఫోర్డ్ ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500, టొయోటా టండ్రా ఇవన్నీ ఆ వరసలోవే. పేరుకు అర టన్ను అంటారు గానీ అది పాతకాలపు లెక్క, ఇప్పటి బండ్లు అంతకంటే బాగానే మోస్తాయి. వీటి పైన ఎఫ్-250, 2500 నంబర్ల బండ్లను ముప్పావు టన్ను అని, 350, 3500 నంబర్లవాటిని ఒక టన్ను అని పిలుస్తారు. రోజూ ఆఫీసుకు పోవడానికి, పిల్లల్ని బడిలో దింపడానికి హాఫ్ టన్ హాయిగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. "డ్రైవర్ తలుపు తీసి, పక్కన పిల్లర్ మీద పసుపు పట్టీ ఉన్న స్టిక్కర్ ఫోన్లో చూపించు" అన్నాను. చూపించాడు. మనుషులు, సామాను కలిపి 712 కిలోలు, లేదా 1,570 పౌండ్లు దాటకూడదు అని ఉంది. ఆ బండి మీద, ఆ ఒక్క బండి మీదే, ఫ్యాక్టరీలో వేసిన లెక్క అది. పక్కనే నిలబెట్టిన అదే మోడల్‌కు అద్దాల పైకప్పు, పెద్ద చక్రాలు, తోలు సీట్లు ఉంటే అంకె ఇంకా తగ్గుతుంది. హంగులన్నీ బరువే. ఆ బరువు మన వాటాలో నుంచే పోతుంది. అందుకే బ్రోచర్‌లో ఉండే "గరిష్ఠం" అనే అంకెను నమ్మి కొనొద్దు, కొనబోయే బండి తలుపే తెరవాలి.

ట్రైలర్ బరువుకూ ఈ స్టిక్కర్‌కూ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. సంబంధం హుక్కు దగ్గర ఉంది. ఇది మా ట్రాలీల పనిలో రోజూ కళ్ల ముందు కనబడేదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మన దిక్కు ఎక్కువగా నడిచేవి రెండు చక్రాల ట్రాలీలు. యాక్సిల్ నడిమికి కొంచెం వెనక ఉంటుంది, ముందు భాగం ట్రాక్టర్ హుక్కు మీద కూర్చుంటుంది. ఎంత బరువు కూర్చుంటుందన్నది మనం బస్తాలు ఎక్కడ పేర్చామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక రైతు వడ్ల బస్తాలతో మా షెడ్డుకు వచ్చాడు. "స్టీరింగ్ తిప్పుతుంటే బండి తిరుగుతలేదు, ముందు టైర్లు జారుతున్నయి" అన్నాడు. స్టీరింగ్‌లో ఏ లోపమూ లేదు. ట్రాలీలో బస్తాలన్నీ ముందువైపే గుట్టగా వేసి, వెనక సగం ఖాళీగా వదిలేశారు. మట్టి మీద ట్రాక్టర్ వెనక చక్రాల అచ్చు వేలు లోతున దిగితే, ముందు చక్రాల గీతలు అసలు ఆనీ ఆననట్టు ఉన్నాయి. హుక్కు మీద పడిన బరువు వెనక యాక్సిల్‌ను కిందికి నొక్కి, ముందు భాగాన్ని పైకి లేపుతోంది. కొన్ని బస్తాలు వెనక్కి జరిపించాం, స్టీరింగ్ మామూలైంది. అలాగని మరీ వెనక్కి వేస్తే ఇంకో ఆపద. ట్రాలీ ముక్కు పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది, కాస్త వేగం అందుకోగానే ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ట్రావెల్ ట్రైలర్ కూడా అచ్చం ఇదే పద్ధతిలో పని చేస్తుంది. దాని ముక్కు ట్రక్కు వెనకాల హుక్కు మీద ఉన్న ఇనుప బంతి మీద కూర్చుంటుంది. ఆ ముక్కు బరువు మొత్తం ట్రైలర్ బరువులో నూటికి 10 నుంచి 15 వంతుల మధ్య ఉండాలని అక్కడి నియమం. పది కంటే తగ్గితే ఊగుతుంది, పదిహేను దాటితే ట్రక్కు వెనక కుంగిపోతుంది. ఈ ముక్కు బరువు ట్రక్కు మీద పడే బరువే కాబట్టి, స్టిక్కర్ మీది 712 కిలోల్లో నుంచే దాన్ని తీసేయాలి. షోరూమాయన ఈ సంగతి చెప్పలేదు.

ఇద్దరం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. వాడి ట్రైలర్ ఖాళీ బరువు సుమారు 3,220 కిలోలు, నిండా నింపితే ఉండదగ్గ గరిష్ఠం 4,080 కిలోలు, అంటే వాడన్న 9,000 పౌండ్లు. "ఖాళీ బరువుతో లెక్క వేద్దాం మామా, మేం ఎక్కువ సామాను తీసుకపోం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపితేనే 150 కిలోలు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు, గిన్నెలు, దుప్పట్లు, పిల్లల బట్టలు, నెలకు సరిపడా పచ్చళ్లు. సంసారం అన్నాక బరువు పెరుగుతూనే ఉంటుంది గానీ తగ్గదు. కాబట్టి 4,080 పెట్టుకుని, అందులో నూటికి 13 వంతులు లెక్క కట్టాం. ముక్కు బరువు 530 కిలోలు వచ్చింది. నలుగురు మనుషులు, పైగా వేసవికి అక్క వెళ్తుంది కాబట్టి ఆమెను కూడా కలిపితే 268. ట్రక్కుకు ట్రైలర్‌ను కలిపే హిచ్ సామాను ఇనుము కాబట్టి 45. వెనక తొట్టిలో చిన్న జనరేటర్, సైకిళ్లు, పనిముట్ల పెట్టె, ఐస్ పెట్టె అన్నీ కలిపి 90. మొత్తం 933 కిలోలు. స్టిక్కర్ ఒప్పుకునేది 712. అంటే 11,000 పౌండ్లు గుంజే బండి మీద, 9,000 పౌండ్ల ట్రైలర్‌కే 221 కిలోలు ఎక్కువైపోయింది.

మరి ఆ 11,000 అబద్ధమా అంటే కాదు. అమెరికాలో ఈ గుంజే లెక్కకు ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. 2008లో వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. ఈ ప్రమాణం ప్రకారం ఆరిజోనాలో డేవిస్ డ్యాం దగ్గర మొదలయ్యే 18 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు రోడ్డును, నడి ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, వేగం మరీ పడిపోకుండా ఎక్కాలి. ఆగి ఉన్న బండి ఎంత త్వరగా కదులుతుంది, బ్రేకులు ఎలా పడతాయి, మలుపులో స్థిరంగా ఉందా అన్నవీ చూస్తారు. మంచి పరీక్షే. కానీ ఆ పరీక్షలో ట్రక్కులో ఉండేది ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 68 కిలోల లెక్క. వెనక సీట్లో పిల్లలు, నానమ్మ, తొట్టిలో జనరేటర్ ఉండవు. ఇంజిన్‌కు, గేరుకు, బ్రేకుకు ఆ అంకె నిజమే. వెనక యాక్సిల్, స్ప్రింగులు, టైర్ల మీద మన సంసారం ఎంత పడుతుందో మాత్రం దాంతో తెలియదు.

తర్వాత వారం వాడు ఇంకో బండి చూసి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ముప్పావు టన్ను బండి, డీజిల్ ఇంజిన్, హంగులన్నీ ఉన్నది. "ఇది చూస్తే లారీ లెక్కనే ఉంది మామా, దీనికి తిరుగు లేదు" అన్నాడు. తలుపు తీయమన్నాను. 912 కిలోలు. మాకు కావలసింది 933. వాడికి నమ్మబుద్ధి కాలేదు. కారణం సులువే. చాలా ముప్పావు టన్ను బండ్లకు బండి సొంత బరువు, మోసేది కలిపిన మొత్తం బరువు హద్దును 10,000 పౌండ్ల దగ్గర, అంటే 4,536 కిలోల దగ్గర ఆపుతారు. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ కంటే చాలా బరువు. హద్దు కదలకుండా బండి బరువు పెరిగితే మిగిలేది తగ్గుతుంది కదా. గుంజడంలో ఆ డీజిల్ బండికి సాటి లేదు, మోయడంలో మాత్రం అదే తరగతి పెట్రోల్ బండి దాన్ని దాటిపోతుంది. ఇది తెలిశాక వాడు తనంతట తనే షోరూముల్లో తలుపులు తీసి స్టిక్కర్ల ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు. మా వాట్సాప్ అంతా అవే.

డీజిల్, పెట్రోల్ గురించి మా మధ్య గట్టి చర్చే జరిగింది. డీజిల్ వైపు వాదన బలమైనదే. ఫోర్డ్‌లో 6.7 లీటర్ల పవర్‌స్ట్రోక్, రామ్‌లో 6.7 కమిన్స్, చెవీలో (షెవర్లే) 6.6 డ్యూరామాక్స్, మూడూ గట్టి ఇంజిన్లు. తక్కువ ఆర్‌పీఎంలోనే బలం ఇస్తాయి. కొండ దిగేటప్పుడు పొగ దారిని బిగించి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ పట్టి ఉంచుతుంది కాబట్టి కాలి బ్రేకులు కాలిపోవు. ఎత్తైన చోట టర్బో వల్ల బలం పెద్దగా పడిపోదు. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు నూటికి 3 వంతులు నీరసిస్తుంది. వాడు పోవాలనుకునే దారి అమరిల్లో మీదుగా రాటన్ పాస్ ఎక్కి కొలరాడోలో దిగుతుంది. ఆ కనుమ ఎత్తు 7,834 అడుగులు. ఇంకా పడమటికి పోతే ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ పెట్రోల్ ఇంజిన్ బలంలో మూడో వంతు గాలికి పోయినట్టే.

మరి డీజిల్ ఎందుకు వద్దన్నాను? వాడు ఏడాదిలో కొండలెక్కేది ఒక సెలవుల్లోనే. మిగతా తిరుగుడంతా టెక్సాస్ మైదానాల్లో, సరస్సుల ఒడ్డున. డీజిల్ ఇంజిన్‌కు అక్కడ సుమారు 10,000 డాలర్లు అదనంగా పెట్టాలి. ఆ పైన ఫ్యూయల్ ఫిల్టర్లు, పొగను శుద్ధి చేయడానికి పోసే డెఫ్ అనే ద్రవం, పొగ శుద్ధి చేసే సామాను ఖర్చు. వారంలో ఐదు రోజులు ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చే బండిలో పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ వేడెక్కి శుభ్రపడే అవకాశమే ఉండదు, మూసుకుపోతుంది. ఏటా వేల కిలోమీటర్లు ట్రైలర్‌తో తిరిగేవాళ్లయితే, కొండ ప్రాంతంలో ఉండేవాళ్లయితే నేనే డీజిల్ కొనమంటాను. అప్పుడు కూడా ముప్పావు టన్నులో ఆగకుండా ఒక టన్ను బండికి వెళ్లమంటాను. ధరలో తేడా కొంచెమే, మోసే బలంలో తేడా చాలా. అయితే 10,000 పౌండ్లు దాటిన బండ్లకు ఆ పసుపు స్టిక్కర్ పెట్టాలనే నిబంధన వర్తించదు. స్టిక్కర్ లేకపోతే తలుపు మీద రాసిన మొత్తం హద్దులో నుంచి కాంటా మీద తూకం వేసిన ఖాళీ బండి బరువు తీసేసి చూసుకోవాలి.

చివరికి వాడు తీసుకున్నది ముప్పావు టన్ను పెట్రోల్ బండి, నాలుగు తలుపులు, ఆరున్నర అడుగుల తొట్టి. స్టిక్కర్ 1,383 కిలోలు చూపించింది. మా 933 పోను ఇంకా 450 మిగులు. తోలు సీట్లు లేవు, అద్దాల పైకప్పు లేదు. మా కోడలు కొంచెం నొచ్చుకుంది. కానీ లెక్క చూపించగానే "మామయ్యా, పిల్లలుండే బండి కదా, ఇదే నయం" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఆరున్నర అడుగుల తొట్టి పట్టుబట్టి తీసుకోమన్నది నేనే. తొట్టి పొడుగైతే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం పెరుగుతుంది. హాఫ్ టన్‌లో నాలుగు తలుపుల చిన్న తొట్టి బండికి ఆ దూరం సుమారు 145 అంగుళాలు. వీడి బండిది 160 దాకా ఉంటుంది. టెక్సాస్ ఉత్తరాన చెట్టు చేమ లేని మైదానం, పక్క గాలి ఊరుకోదు. పదకొండు అడుగుల ఎత్తున్న డబ్బాను గాలి పక్కకు నెడుతుంటే, పొడుగు బండి నిలకడగా ఉంటుంది. పొట్టి బండి తోక పట్టుకుని ఊపినట్టు ఊగుతుంది. ఊరిలో పార్కింగ్ కష్టమవుతుందని వాడు గునిశాడు. పార్కింగ్‌లో పడే ఇబ్బంది గీత పడటంతో పోతుంది, హైవే మీద పడేది అలా పోదు.

బండితో పాటే ఫ్యాక్టరీలో పెట్టించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ డాష్‌బోర్డులోనే ఉండాలి. మన ట్రాలీలకు చాలావాటికి బ్రేకులే ఉండవు, ట్రాక్టర్ బ్రేకే దిక్కు. అక్కడి ట్రైలర్లకు చక్రాలకు కరెంటు బ్రేకులుంటాయి, ట్రక్కు బ్రేకు తొక్కగానే అవీ పడతాయి. ట్రైలర్ ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకుండా, వేగం పెంచకుండా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ఆ కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయాలి. అప్పుడు ట్రైలర్ వెనక్కి లాగి తనంతట తానే సర్దుకుంటుంది. ఈ ఒక్క పని ఖాళీ గ్రౌండులో సాధన చేయకుండా హైవే ఎక్కవద్దని వాడితో మాట తీసుకున్నాను. బయటికి చాచుకునే పొడుగు అద్దాలు కూడా తప్పనిసరి. మామూలు అద్దాల్లో ట్రైలర్ గోడ తప్ప ఇంకేమీ కనబడదు.

బరువు పంచే హిచ్ గురించి కూడా చెప్పాలి. అందులో రెండు గట్టి స్ప్రింగ్ కడ్డీలుంటాయి. అవి హుక్కు దగ్గర పడే బరువులో కొంత ట్రక్కు ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ చక్రాల మీదికి తోస్తాయి. మా రైతు ట్రాక్టర్‌కు వచ్చిన కష్టం వీటితో తీరుతుంది. కానీ ఇవి పెడితే స్టిక్కర్ మీది అంకె పెరుగుతుందని కొందరు అనుకుంటారు, పెరగదు. ట్రక్కు వెనక ఉన్న హుక్కు గొట్టం మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది. ఈ హిచ్ లేకుండా ఎంత, ఉంటే ఎంత అని రెండు అంకెలుంటాయి. అది కూడా చదవాలి. టైర్ల సంగతి ఒక్క మాటలో: ఎల్‌టీ అని రాసి ఉన్న గట్టి టైర్లే ఉండాలి. ముప్పావు టన్ను బండ్లకు అవే వస్తాయి. ట్రైలర్ టైర్లలో కొన్నింటికి గంటకు 65 మైళ్లే హద్దు, అంటే సుమారు 105 కిలోమీటర్లు. కాబట్టి టెక్సాస్ హైవే మీద 75 బోర్డు చూసి ఉత్సాహపడకూడదు.

మైలేజీ గురించి అడిగినవాళ్లకు: ట్రైలర్ తగిలిస్తే లీటరుకు మూడున్నర, నాలుగు కిలోమీటర్లు. ఏ పెట్రోల్ ట్రక్కు తీసుకున్నా ఇంచుమించు అంతే. గాలిని చీల్చుకుంటూ పోయే డబ్బా అది.

కొన్నాక వాడితో చేయించిన మొదటి పని తూకం. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే ట్రాక్టర్లు, లారీలు కాంటా దగ్గర బారులు తీరడం ఇక్కడ అందరం చూసిందే. మన కాంటా మీద బండి మొత్తానికి ఒకే అంకె వస్తుంది. అమెరికాలో లారీలు ఆగే హైవే బంకుల దగ్గర క్యాట్ స్కేల్ అనే కాంటాలుంటాయి. అందులో మూడు పలకలు వరసగా ఉండటంతో ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు విడివిడిగా తూకం వస్తాయి. ఎవరైనా వెళ్లి తూచుకోవచ్చు. పెట్రోల్ నింపి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, సామానంతా సర్దుకుని ముందు ట్రైలర్ లేకుండా, తర్వాత ట్రైలర్‌తో తూచమన్నాను.

చీటీలు ఫొటో తీసి పంపాడు. కిలోల్లోకి మార్చి చూశాను. ట్రైలర్ లేనప్పుడు ముందు యాక్సిల్ మీద 1,890. తగిలించాక 1,740. అంటే ముందు చక్రాల మీద నుంచి 150 కిలోలు లేచిపోయాయి. స్ప్రింగ్ కడ్డీలు వదులుగా ఉన్నాయన్నమాట. ఆ కడ్డీలను పట్టి ఉంచే గొలుసు ఒక లంకె బిగించి మళ్లీ తూచమన్నాను. ఈసారి ముందు 1,830, వెనక 2,107, ట్రైలర్ చక్రాల మీద 3,453. ట్రక్కు మొత్తం 3,937, హద్దు 4,536. అన్నీ హద్దు లోపలే. వీడియోలో బండి నేలకు సమాంతరంగా నిలబడి ఉంది, ట్రైలర్ ముక్కు ఒక పిసరు కిందికి. నాకు కావలసింది అదే.

ఇక్కడ, వరంగల్‌లో, ఇలాంటిది చేయొచ్చా అని మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లు ఒకరిద్దరు అడిగారు. ఇక్కడ దొరికే పికప్‌లలో టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది, ఇసుజు వీ-క్రాస్ అంతకు ముందు నుంచే ఉంది. రెండూ మంచి బండ్లే. ఆస్ట్రేలియాలో హైలక్స్‌కు బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోల వరకే అనుమతి. నాలుగు టన్నుల ట్రైలర్‌కు అవి సరిపోవు. చిన్న ట్రైలర్‌తో లక్నవరం, రామప్ప, పాకాల తిరిగి రావాలంటే ఆ బండ్లు ఎక్కువే, కానీ రిజిస్ట్రేషన్ సంగతి ముందు ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే ఇనుము కొనండి.

మీ పిల్లలో తమ్ముళ్లో అమెరికాలో ఇలాంటి ట్రక్కు చూస్తుంటే, అడ్వాన్సు కట్టకముందే మూడు ఫొటోలు తెప్పించండి: డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్, ట్రక్కు హుక్కు గొట్టం మీది స్టిక్కర్, ట్రైలర్ గోడకు ముందు భాగంలో అంటించిన బరువుల పట్టిక. వాటితో పాటు ఇంట్లో ఎంతమంది ఎక్కుతారో, తొట్టిలో ఏమేం వేస్తారో రాసి పంపితే, మా అల్లుడికి వేసినట్టే మీకూ కూర్చుని లెక్క వేసి ఇస్తాను.